కీలు

ఇంటిని గురించి వ్రాసినవారు గడపను గురించి వ్రాశారు, గవాక్షాన్ని గురించి వ్రాశారు, దూలాన్ని, స్తంభాన్ని గురించి కూడా వ్రాశారు. తలుపును తలుపుగా నిలబెట్టే కీలును మాత్రం ఎవరూ తలచుకోరు. అది కిర్రుమన్ననాడు నూనెచుక్క కోసం వెతుకుతారు. ఆ చప్పుడు ఆగగానే మరల మరచిపోతారు. ఐనను కీలు లేని తలుపు గోడలో ఒక భాగమే. కీలూడిన తలుపు నేలమీద పడి ఉన్న చెక్కయే. తెరుచుకోవడం, మూసుకోవడం అనే రెండు పనులు ఆ బొటనవ్రేలంత ఇనుపముక్క మీద ఆధారపడి ఉన్నవి.

తెలుగులో ఈ మాటకు చాలా బంధుత్వాలున్నవి. మోకాలిది కీలే, తలుపుది కీలే. తోలుబొమ్మలాటలో బొమ్మ భుజం దగ్గర, మోచేతి దగ్గర దారంతో ముడివేసి కదిలేటట్లు చేసినదీ కీలే. 'కీలకమైన విషయం' అంటున్నప్పుడు కూడా మనం తెలియకుండా ఆ ఇనుపముక్కనే స్మరిస్తున్నాము. మా ఇంట్లో మాట్లాడే ఉర్దూలో తలుపు కీలును 'ఖబ్జా' అంటారు. ఈ మాట విన్న నా తెలుగు మిత్రులు నవ్వుతారు. వారికి ఖబ్జా అనగానే పరుల స్థలం ఆక్రమించడం గుర్తుకు వస్తుంది. కాని ఆ మాటకు మూలార్థం 'పట్టు'. కీలు చేసే పని కూడా పట్టుకోవడమే. ఎంత పట్టుకోవాలో, ఎంత విడిచిపెట్టాలో ఎరిగిన పట్టు అది.

నేను తెలుగు ఎం.ఏ. చదివి తెలుగు బోధిస్తున్నవాడను గాని యంత్రశాస్త్రం చదివినవాడను కాను. ఇటువంటి వానికి కీళ్ల లెక్కలతో పని ఏమిటని పాఠకులు ప్రశ్నించవచ్చు. దానికి కారణం మన కళాశాలలో ఇంటర్మీడియెట్ తెలుగు మాధ్యమంలో చదివి వెళ్లిన ఒక విద్యార్థి. అతడు ఒక ఇంజనీరింగు కళాశాలలో మెకానికల్ విభాగంలో చేరాడు. మూడవ సంవత్సరంలో ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, "సార్, చదువు మానేద్దామనుకుంటున్నాను. సెల్‌ఫోన్ల దుకాణంలో పని దొరికింది" అన్నాడు. అతని తల్లి ఇంటిలో బట్టలు కుట్టి అతనిని చదివిస్తున్నది. రెండు సబ్జెక్టులు అప్పటికే మిగిలిపోయినవి. ప్రాజెక్టు పనిలో యంత్రాల కదలికను కంప్యూటరులో అనుకరించి చూపవలసి ఉన్నది. "అందులో రివల్యూట్ జాయింట్ అని ఒకటి ఉంది సార్, అక్కడే ఆగిపోయాను" అన్నాడు.

రివల్యూట్ జాయింట్ అంటే ఏమిటని అడిగాను. ఇంగ్లీషులో నిర్వచనం అప్పజెప్పాడు. తెలుగులో చెప్పమన్నాను. కొంతసేపు ఆలోచించి తలుపు వైపు చూపాడు. తలుపు కీలు అతనికి తెలుసు. దాని పేరు మరొక భాషలో వ్రాసి ఉన్నందున అది తనకు తెలిసినదే అని అతనికి తెలియదు. ఆనాటి నుంచి కొన్ని వారాలపాటు అతని పుస్తకాన్ని ఇద్దరమూ కలిసి చదివాము. చదవగా నాకు అర్థమైనది ఇక్కడ వ్రాస్తున్నాను.

తెగిన గాలిపటాన్ని ఊహించుకోండి. అది ముందుకో వెనుకకో పోవచ్చు; కుడికో ఎడమకో పోవచ్చు; పైకో కిందికో పోవచ్చు. ఇవి మూడు. ఇవి గాక అది ఉన్నచోటనే పక్కకు వాలవచ్చు, ముందుకు తల వంచవచ్చు, తన చుట్టూ తాను తిరుగవచ్చు. ఇవి మరొక మూడు. కట్టుబాటు లేని ఏ వస్తువుకైనా ఈ ఆరు స్వేచ్ఛలే ఉంటాయి, ఏడవది లేదు. ఇంగ్లీషులో వీటిని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. తలుపును ద్వారబంధానికి కీలుతో బిగించామంటే ఐదు స్వేచ్ఛలను తీసివేసి ఒక్కదానిని మిగిల్చామన్నమాట. ఆ మిగిలినది ఒక అక్షం చుట్టూ తిరగడం. మా తెలుగు వ్యాకరణంలో రెండు అచ్చులు కలిసినప్పుడు ఒకటి లోపించి ఒకటి నిలిస్తే దానిని సంధి అంటాము. శరీరంలోని కీలుకు కూడా సంస్కృతంలో సంధి అనే పేరు. రెండు చోట్లా జరిగేది ఒక్కటే: కొంత పోతుంది, కొంత మిగులుతుంది, మిగిలినదానితో పని నడుస్తుంది.

అన్ని కీళ్లూ ఒక తీరువి కావు. తిరగలిని చూడండి. పై రాయి మధ్యనున్న మేకు చుట్టూ తిరుగుతుంది. కావాలంటే దానిని పైకెత్తి పక్కన పెట్టవచ్చు. అనగా దానికి తిరగడం ఒకటి, మేకు వెంట జారడం ఒకటి, మొత్తం రెండు స్వేచ్ఛలు. దీనిని సిలిండ్రికల్ జాయింట్ అంటారు. మన భుజం వలె గుండు గూటిలో కూర్చున్న కీలుకు మూడు విధాల తిరిగే స్వేచ్ఛ ఉన్నది. అది స్ఫెరికల్ జాయింట్. యంత్రాన్ని విడివిడి ముక్కలుగా గాక ఇట్లా జంటలుగా చూడాలని శాస్త్రబద్ధంగా చెప్పినవాడు జర్మనీకి చెందిన ఫ్రాంజ్ రూలో. అతని గ్రంథం 1875లో వెలువడింది. మరుసటి సంవత్సరమే ఇంగ్లీషులోకి వచ్చింది. చేతిపని మాత్రం అంతకంటె చాలా పాతది. దియార్‌బకిర్‌లో అర్తుకీ పాలకుల కొలువులో ఉన్న అల్ జజరీ 1206లో ముగించిన యంత్రగ్రంథంలో, తిరిగే చక్రం కదలికను ముందుకు వెనుకకు పోయే కదలికగా మార్చి నీరు తోడే యంత్రం వర్ణన ఉన్నది. ఆ గ్రంథాన్ని డొనాల్డ్ హిల్ 1974లో ఇంగ్లీషులో ప్రచురించాడు.

ఇక కంప్యూటరు సంగతి. మన కంటికి తలుపు కీలు ఒక వస్తువు. కంప్యూటరుకు అది వస్తువు కాదు, ఒక ఒప్పందం. మా విద్యార్థి వాడినది సిమ్‌స్కేప్ మల్టీబాడీ అనే సాఫ్ట్‌వేరు. అందులో కలుపవలసిన రెండు వస్తువుల మీద ఒక్కొక్క చట్రం గుర్తించాలి. చట్రమంటే ఒక బిందువు, దాని నుంచి బయలుదేరిన మూడు దిక్కులు. ఒకటి ఆధార చట్రం, రెండవది అనుగామి చట్రం. రివల్యూట్ జాయింట్ పెట్టామంటే ఆ రెండు బిందువులు ఎప్పుడూ ఒకేచోట ఉండాలని, రెండింటి మూడవ దిక్కు, అనగా జెడ్ అక్షం, ఎప్పుడూ ఒకటిగానే ఉండాలని ఆజ్ఞాపించినట్లు. అంతకుమించి కంప్యూటరు ఏమీ అడగదు. ఆ అక్షం చుట్టూ అనుగామి ఎంత తిరిగినదో ఆ కోణం ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

ఆధారమేది, అనుగామి ఏది అన్నది తారుమారైతే కోణానికి గుర్తు మారిపోతుంది, ధనం ఋణమవుతుంది. దీనిని చూసి అతడు కలవరపడ్డాడు. "నీకు నేను మామయ్యనైతే నాకు నీవు అల్లుడవు. బంధుత్వం మారిందా? చెప్పే వైపు మారింది" అన్నాను. నవ్వి, ఆ మాటను నోటుపుస్తకం అంచున వ్రాసుకున్నాడు.

అతని మొదటి అభ్యాసం లోలకం. ఒక కడ్డీని పైకొన దగ్గర కీలుతో వ్రేలాడదీసి విడిచిపెట్టాలి. అది ఊగాలి. అతని తెరమీద కడ్డీ అడ్డంగా నిలిచి ఉండిపోయేది, కదిలేది కాదు. సాఫ్ట్‌వేరు తప్పును చూపేది కాదు, ఎందుకంటే దాని దృష్టిలో తప్పేమీ లేదు. తరగతిలో అడిగితే మరల చదువుకొని రమ్మన్నారట. నేను అడిగినది ఒక్కటే: "ఊయల ఊగుతుంది, తలుపు ఎందుకు ఊగదు?" తలుపు కీలు అక్షం నిలువుగా ఉన్నది. భూమి లాగేది కూడా నిలువునా కిందికే. అక్షం వెంబడి లాగే బలం దేనినీ తిప్పలేదు. ఊయల అక్షం అడ్డంగా ఉంటుంది కావుననే భూమి దానిని ఊపగలదు. అతడు ఒక్క క్షణం ఆగి కంప్యూటరు తెరిచాడు. ఆ సాఫ్ట్‌వేరులో కీలు తిరిగేది జెడ్ అక్షం చుట్టూ. మనం మార్చకపోతే గురుత్వాకర్షణ కూడా ఆ జెడ్ అక్షం వెంబడి కిందికే ఉంటుంది. అతడు లోలకం చేయలేదు, తలుపు చేశాడు! గురుత్వపు దిక్కును వై అక్షానికి మార్చగానే కడ్డీ ఊగసాగింది. ఆ రాత్రి అతడు సెల్‌ఫోన్ల దుకాణం మాట ఎత్తలేదు.

ప్రాజెక్టుకు అతడు ఎన్నుకున్నది తల్లి కుట్టుమిషను. కాలితో తొక్కే పాతకాలపు మిషను అది. ఆమెకు మోకాలి నొప్పి. తొక్కుడుపలక మీద ఏ క్షణాన ఎంత బలం అవసరమో తెలిస్తే ఆ నొప్పికి ఏదైనా ఉపాయం దొరుకుతుందేమోనని అతని ఆశ. ఆ మిషను కింది భాగంలో నాలుగు అంగాలున్నవి: కదలని ఇనుప స్టాండు, తొక్కుడుపలక, పలకను చక్రానికి కలిపే కడ్డీ, పెద్ద చక్రం. వాటి మధ్య నాలుగు కీళ్లు. కాగితం మీద గీస్తే లెక్క సులభం. సమతలంలో ఒక్కొక్క వస్తువుకు మూడు స్వేచ్ఛలు. కదిలే అంగాలు మూడు కావున మొత్తం తొమ్మిది. ఒక్కొక్క కీలు రెండింటిని తీసివేస్తుంది. నాలుగు కీళ్లు ఎనిమిదింటిని తీసివేస్తాయి. మిగిలినది ఒకటి. కాలితో తొక్కితే చక్రం తిరుగుతుందని దాని అర్థం.

కాని కంప్యూటరులో వస్తువులు కాగితం మీద లేవు, ఆకాశంలో ఉన్నవి. అక్కడ మూడు అంగాలకు పద్దెనిమిది స్వేచ్ఛలు. ఒక్కొక్క కీలు ఐదింటిని తీసివేస్తే నాలుగు కీళ్లకు ఇరవై. ఉన్నది పద్దెనిమిది, తీసివేసినది ఇరవై! అప్పు రెండు. ఐనను నిజమైన మిషను తిరుగుతూనే ఉన్నది. కారణమేమనగా నాలుగు కీళ్ల అక్షాలూ సరిగ్గా సమాంతరంగా ఉన్నంతవరకు కొన్ని కట్టుబాట్లు చెప్పినదానినే మరల చెబుతున్నవి. ఒక్క అక్షం వెంట్రుకవాసి వంగినా అవి చెప్పినదే చెప్పడం మాని పరస్పర విరుద్ధంగా మాట్లాడుతాయి. మా విద్యార్థి ఫోనుతో తీసిన ఫోటోల నుంచి కోణాలు తీసుకున్నాడు. ఒక కీలు సుమారు ఒక డిగ్రీ పక్కకు వాలింది. సాఫ్ట్‌వేరు ఆ అంగాలను కూర్చడమే సాధ్యం కాదని తేల్చి చెప్పింది. సమీక్షకు ఇంకా నాలుగు రోజులే ఉన్నవి.

ఇక్కడ నాకు మా మామూ గుర్తుకు వచ్చాడు. ఆయన వడ్రంగి. తలుపుకు మూడు ఖబ్జాలు బిగించేటప్పుడు ముందు పైది, కిందిది బిగించి, తలుపును పదిసార్లు ఆడించి చూసి, ఆ తరువాతనే నడిమి దానిని పట్టించేవాడు. మూడు చీలలూ ఒక గీతలో లేకపోతే తలుపు ఏడుస్తుందని, ఆ తరువాత మరలు ఊడతాయని అనేవాడు. లెక్కకు ఒక్క కీలే తలుపు స్వేచ్ఛలలో ఐదింటిని తీసివేస్తుంది. తక్కిన రెండు కీళ్లూ తెచ్చే పది కట్టుబాట్లూ అదనమే. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇటువంటి అదనపు కట్టుబాట్లను తామే తొలగించి ఒక హెచ్చరిక వ్రాసి ముందుకు సాగుతాయి. అప్పుడు తొలగించిన చోట బలం సున్న అని చూపుతాయి. ఆ సున్నను నమ్మి నడిమి కీలు భారమేమీ మోయడం లేదని ఎవరైనా దానిని పీకివేస్తే ఏమగును? కంప్యూటరు అబద్ధమాడలేదు. మనం దానికి చెక్క వంగదని, ఇనుము సాగదని చెప్పాము. వంగని లోకంలో మూడు కీళ్లు భారాన్ని ఎట్లా పంచుకుంటాయో ఎవరూ లెక్క కట్టలేరు. నిజమైన చెక్క కాస్త వంగుతుంది, నిజమైన చీల చుట్టూ కాస్త వదులు ఉంటుంది. ఆ వంపు, ఆ వదులే భారాన్ని పంచుతాయి. మా మామూకు ఈ సిద్ధాంతం తెలియదు, కాని ఆయన చేతికి తెలుసు.

ఈ మాట చెప్పి, "మీ అమ్మ మిషనులో వదులు ఎక్కడుందో చూద్దాం పద" అన్నాను. వారి ఇంటికి వెళ్లి నేలమీద కూర్చుని మిషను కింద టార్చి వేసి చూశాము. కడ్డీ కింది కొన, పలకను కలిసేచోట, సాదా కీలు కాదు. చిన్న ఇనుపగుండు గూటిలో కూర్చుని ఉన్నది. పైకొన దగ్గర, చక్రపు చీల మీద, కడ్డీ కొంచెం అటు ఇటు జరుగుతున్నది. మిషను చేసినవారు ఆ నాలుగు కీళ్లనూ ఒకే తీరుగా చేయలేదు! స్టాండుకు పలకను, స్టాండుకు చక్రాన్ని కలిపే రెండు చోట్ల మాత్రమే అసలైన తిరుగుడు కీళ్లు. వాటికి ఐదు, ఐదు. గుండుకీలు తీసివేసేది మూడు. జారుతూ తిరిగే కీలు తీసివేసేది నాలుగు. మొత్తం పదిహేడు. పద్దెనిమిదిలో పదిహేడు పోగా ఒకటి. అతడు వ్రేళ్లమీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఆ రాత్రియే రెండు కీళ్ల రకం మార్చాడు. డిగ్రీ వంకర అట్లే ఉన్నా అంగాలన్నీ కూడుకున్నవి.

కూడుకున్నవి గాని కదలలేదు. పలక మీద ఎంత బలం పెట్టినా చక్రం నిలిచే ఉన్నది. మా వెనుక నిలబడి తెరను చూస్తున్న అతని తల్లి, "చేత్తో చక్రం కొంచెం తిప్పకుండా తొక్కితే ఎట్లా తిరుగుతుంది భాయీ?" అన్నది. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. కడ్డీ, చక్రపు చీల, చక్రకేంద్రం ఒకే గీతలోకి వచ్చినప్పుడు తొక్కిన బలమంతా కేంద్రం మీదికే పోతుంది. తిప్పడానికి ఏమీ మిగలదు. శాస్త్రంలో దానిని మృతస్థానమంటారు. అందుకే కుట్టేవారు ముందు చేతితో చక్రాన్ని సరైన దిక్కుకు ఒకింత తోస్తారు. తోయకపోతే ఒక్కొక్కప్పుడు వెనుకకు తిరిగి దారం చిక్కుపడుతుంది. చక్రం బరువు దానిని తరువాతి మృతస్థానం దాటిస్తుంది. మా విద్యార్థి తెరమీద మిషనును ఆ మృతస్థానంలోనే నిలిపి ఉంచాడు. కీలుకు ఆరంభ కోణం మార్చి, చక్రానికి కొంత ఆరంభ వేగం ఇచ్చాడు. ఆమె చేయి చేసే పనికి సాఫ్ట్‌వేరులో ఉన్న పేరు అది. చక్రం తిరిగింది. ఆమె కొంతసేపు చూసి, "శబ్దం లేదే" అని మరల కుట్టుకు కూర్చున్నది.

సమీక్షలో అతడు ఇంగ్లీషులోనే చెప్పాడు. తడబడుతూనైనా పూర్తిగా చెప్పాడు. మృతస్థానం దగ్గర తొక్కిన బలం వ్యర్థమని, అక్కడ కాలు తేలిక చేసి పలక నడుమదారిలో ఉన్నప్పుడు తొక్కితే మోకాలికి శ్రమ తగ్గుతుందని తన గీతల ద్వారా చూపాడు. ఇంటికి వచ్చి తల్లికి చెబితే, "అది నాకు మొదటినుంచీ తెలుసు, నీకు ఇప్పుడు తెలిసింది" అన్నదట. ఆమె మోకాలి నొప్పి తగ్గలేదు. మిషనుకు మోటారు బిగించాలని ఇప్పుడు తల్లీకొడుకులు డబ్బు కూడబెడుతున్నారు. మిగిలిన రెండు సబ్జెక్టులలో ఒకటి అతడు దాటాడు, ఇంకొకటి ఉన్నది.

ప్రియ విద్యార్థులారా, ఇంగ్లీషు అక్కరలేదని నేను చెప్పడం లేదు. పరీక్ష, ఉద్యోగం ఆ భాషలోనే ఉన్నంతకాలం అది నేర్వక తప్పదు. కాని ఒక విషయం మీకు అర్థం కాలేదని తలవంచుకునే ముందు, అది మీ ఇంటిలో ఏ పేరుతో ఉన్నదో ఒకసారి వెతకండి. అక్షానికి తెలుగులో ఇరుసు ఉన్నది, ఉర్దూలో మెహ్వర్ ఉన్నది. కీలుకు ఖబ్జా ఉన్నది. మీ తండ్రి రిక్షాలో, మీ తల్లి మిషనులో, మీ మేనమామ దుకాణంలో మీ పాఠ్యపుస్తకంలోని సగం బొమ్మలు ఉన్నవి. వారిని అడగడానికి సిగ్గుపడకండి.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. ఇక్కడ చదివి సాంకేతిక విద్యకు వెళ్లే మన పిల్లలు చాలమంది మొదటి రెండేండ్లలో మాటల దగ్గరనే ఆగిపోతున్నారు, లెక్కల దగ్గర కాదు. గణిత, భౌతికశాస్త్ర, ఉర్దూ, తెలుగు అధ్యాపకులము కూర్చుని రెండు వందల సాంకేతిక పదాలకు మూడు భాషలలో చిన్న పదకోశం తయారు చేయగలము. అచ్చు ఖర్చు మాత్రం కావాలి. సాయంకాలం రెండు గంటలు కంప్యూటరు గది తెరిచి ఉంచగలిగితే పూర్వ విద్యార్థులు కూడా వచ్చి కూర్చుంటారు. పైన చెప్పిన విద్యార్థి వారానికి ఒక దినం వచ్చి చిన్నవారికి చెప్పడానికి ఒప్పుకున్నాడు. మొదటి పాఠం ఏమిటని అడిగితే, "తలుపుకూ ఊయలకూ తేడా సార్" అన్నాడు.